సపోటా చెట్టు మీద నేరం

ఆ పెరట్లోని సపోటా చెట్టు మీద మూడు నేరాలు మోపారు. పాలు కారడం ఒకటి, కాయలు రాల్చడం రెండు, కుక్కకు విషం పెట్టడం మూడు. మొదటి రెండూ చెట్టు దాచుకున్నవి కావు, అందరి కళ్లెదుటే చేస్తోంది. గొడవంతా మూడోదాని గురించే.

ఫిర్యాదు చేసినవాడు బావగారు. చెట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు ఆయన బావమరిది, పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి. వీధిలో అందరూ అతన్ని అట్టలాయన అంటారు. ఇల్లు ఒకటే, నడుమ ఒక గోడ. గోడకు ఇవతల అట్టలాయన ఒక్కడు, అవతల అతని అక్కా బావా. వెనక పెరడు మాత్రం ఉమ్మడి, అందులోని చెట్టూ ఉమ్మడే. పోట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎక్కడా దొరకదు. అయినా ఇరవై ఆరేళ్లుగా ఆ బావాబావమరుదులు వేళాకోళాలతోనే సరిపెట్టుకున్నారు తప్ప ఒక్కనాడూ గొంతు పెంచుకోలేదు.

అట్టలాయనకు ఆ చెట్టు నీడే దుకాణం. కట్టిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. గదిలో పెడితే బూజు పడుతుంది. ఎండ తగలకుండా గాలి మాత్రం తగిలే చోటు కావాలి, అలాంటి చోటు ఊరంతా వెతికినా ఆ చెట్టు కిందే ఉందని అతని నమ్మకం. సపోటా ఒకేసారి ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడే రకం కాదు, ఏడాది పొడుగునా నీడ ఇస్తుంది. ఆ నీడలో ఒక పొడుగాటి బల్ల, బల్ల మీద పుస్తకాలు, పుస్తకాల మీద బరువు చెక్కలు, బల్ల పక్కన మైదాపిండి ఉడికించిన బంక తొట్టి. అక్క పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా ముందు ఈ అట్టలు ఆరనీ అనేవాడు. అట్టలు ఇంకా ఆరుతూనే ఉన్నాయి, అతనికి నలభై ఎనిమిది నిండాయి. చెట్టు పోతే దుకాణం పోయినట్టే. ఆ వయసులో వేరే ఊళ్లో వేరే నీడ వెతుక్కోవాలంటే ఎవరికైనా గుండె జారుతుంది.

ఇక కుక్క సంగతి. బావగారు ఒక గిడ్డంగి ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు గుమాస్తాగా చేశాడు. ఆ ముప్ఫై మూడేళ్లూ మేనేజరు గదిలో ఏనాడూ ఆయనకు కుర్చీ చూపించలేదు. రిటైరైన వారానికే ఒక గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చుకుని దానికి మేనేజరు అని పేరు పెట్టాడు. పొద్దున్నే వాకిట్లో నిలబడి మేనేజరూ లే, మేనేజరూ కూర్చో, మేనేజరూ ఆ చెప్పు వదులు అంటుంటే వీధి వీధంతా నవ్వుకునేది. కాని నాలుగేళ్లు గడిచేసరికి ఎవరు ఎవరి మాట వింటున్నారో చెప్పడం కష్టమైంది. మేనేజరు కుర్చీలో పడుకునేవాడు, బావగారు మెట్టు మీద కూర్చునేవాడు. నోట్లో వేలు పెట్టినా కొరకని కుక్క. ఇంట్లో వాళ్లంతా దాన్ని వాడు అనే అనేవాళ్లు.

గొడవ మొదలై మూడు వారాలైంది. ఒక మధ్యాహ్నం మేనేజరు చెట్టు కింద నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అది పచ్చగా, కాస్త నీలం తిరిగి ఉంది. ఆకు తిన్నాడు కాబోలు అన్నారు. అయిదు రోజులకు మళ్లీ అదే చోట, మళ్లీ అదే రంగు. బావగారు చెట్టు వైపు అనుమానంగా చూశాడు. కాండం మీద గోరుతో గీశాడు. తెల్లటి పాలు బొట్లు బొట్లుగా వచ్చాయి. అంతే, ఆయనకు నేరస్థుడు దొరికిపోయాడు.

ఆయన ఆ సాయంత్రం ఫోను పట్టుకుని కూర్చుని వరసగా వీడియోలు చూశాడు. పాలు కారే చెట్లన్నీ విషమేనని ఒకాయన చెప్పాడు. కొన్ని మంచివి, కొన్ని చెడ్డవి అని ఇంకొకావిడ చెప్పింది. బావగారికి మొదటాయన గొంతు నచ్చింది. మర్నాడు పొద్దున్నే బావమరిదిని పిలిచి, చెట్టు కొట్టించేద్దామన్నాడు.

అట్టలాయన ముందు నవ్వాడు. తరువాత అది వేళాకోళం కాదని తెలిసి, ఈ చెట్టు కాయలు మనం ఇరవై ఆరేళ్లుగా తింటున్నాం, మనకేమైంది అని అడిగాడు. మనం మనుషులం, వాడు కుక్క అన్నాడు బావగారు. మరి వాడు నాలుగేళ్లుగా ఇదే చెట్టు కింద దొర్లుతున్నాడు, ఇన్నాళ్లూ లేని విషం ఇప్పుడెక్కడిది అని అట్టలాయన అడిగాడు. చెట్టుకు ముసలితనం వచ్చి విషం పుట్టుంటుందని బావగారు సమాధానం చెప్పాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఎంతసేపని వాదిస్తారు? మాటా మాటా పెరిగింది. కక్కడమంటారా, కుక్కలన్నాక కక్కుతాయి అనేశాడు అట్టలాయన. ఆ మాట అనకుండా ఉండాల్సింది. బావగారు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అక్క గోడకు ఇటూ అటూ మాటల టపా మోసింది. మీ తమ్ముణ్ణి బల్ల పక్కకు జరపమను. మీ ఆయన్ని కుక్కను కట్టేసుకోమను. పదిహేను రోజులు మోసి మోసి ఆవిడకు విసుగొచ్చి, ఇక ఎవరి ఉత్తరాలు వాళ్లే ఇచ్చుకోండని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అట్టలాయనకు అప్పట్లో ఊపిరి సలపని పని. ఒక పాత గ్రంథాలయం వాళ్లు మూడు వందల పుస్తకాలు ఒకేసారి పంపారు. అన్నీ పురుగు తిన్నవి. ఒక్కో పుస్తకంలో ఈ వైపు రంధ్రంలో కన్ను పెడితే ఆ వైపు కనిపించేది. వాటి కోసం ప్రత్యేకంగా బంక కాచి, మళ్లీ పురుగు జోలికి రాకుండా కట్టి ఇస్తానని మాటిచ్చాడు. పొద్దున్నుంచి కుట్టడం, అతికించడం, భోజనం చేసి ఓ అరగంట నడుం వాల్చడం, లేచి మళ్లీ అతికించడం. నిద్ర లేచేసరికి తొట్టి మీద కప్పిన తడి గోనెపట్టా ఒక్కోనాడు పక్కకు జరిగి ఉండేది. కాకుల పని అని వాటిని నాలుగు తిట్టి మళ్లీ కప్పేవాడు.

బుధవారం మధ్యాహ్నం మూడోసారి ముంచుకొచ్చింది. ఈసారి మేనేజరు కక్కి ఊరుకోలేదు, కాళ్లు ముడుచుకుని చెట్టు మొదట్లో పడిపోయాడు. బావగారు వాణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని, చెప్పులు లేకుండా, రెండు వీధుల అవతలి పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. అరవై రెండేళ్ల మనిషి అలా పరుగెత్తడం అట్టలాయన ఎప్పుడూ చూడలేదు. వెనకే వెళ్లబోయి, మాటల్లేవన్న సంగతి గుర్తొచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. ఆగిపోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

డాక్టరమ్మ సెలైను పెట్టింది. ప్రాణభయం లేదు, రేపటిదాకా ఇక్కడే ఉంచండి అంది. బావగారు తిరిగొచ్చి, భోజనం వద్దన్నాడు, చెట్లు కొట్టేవాడికి ఫోను చేశాడు. రేపు పొద్దున పది గంటలకు రమ్మన్నాడు. ఈ మాట ఎవరికి చేరాలో వాళ్లకు చేరేటంత గట్టిగా, గోడ వైపు తిరిగి మరీ చెప్పాడు.

అట్టలాయనకు చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం. ఇంకెవరైనా అయితే ఏం చేసేవారో గాని, అతనికి తెలిసిన విద్య ఒక్కటే. చెట్టు నిర్దోషి అని రుజువు చేస్తూ పుస్తకం కట్టాడు.

ఆకుల్లో లేతది ఒకటి, ముదురుది ఒకటి, పండుటాకు ఒకటి, బెరడు ముక్క, పువ్వు, పిందె, తొక్క, గింజ, అన్నీ సేకరించి ఒక్కోదాన్ని ఒక్కో పుటకు అంటించి కింద ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాశాడు. అంతటితో ఆగితే అట్టలాయన కాడు. చీకటి పడేలోగా చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగి, సపోటా చెట్టూ కుక్కా రెండూ ఉన్న ఇళ్లు పదకొండు పట్టుకున్నాడు. ఒక్కో ఇంటికి ఒక్కో పుట. కుక్క వయసు, రంగు, ఎన్నాళ్లుగా ఆ చెట్టు కింద ఉంటోంది, ఎప్పుడైనా కక్కిందా. ఒక ఇంటివాళ్లు తమ కుక్క సపోటా పండ్లు తప్ప మరేమీ ముట్టదని చెప్పారు, దాని కింద ఎర్ర గీత గీశాడు. అన్నీ కుట్టి, కుట్టిన అంచుకు, అంటే పుస్తకం వీపుకు, గుడ్డ వేసి, తొట్టిలోని బంకతో దట్టంగా అతికించి, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు అద్ది, బరువు చెక్కల మధ్య పెట్టాడు. పొద్దుటికి వీపు ఇంకా తడిగానే ఉంది. ఆరనిదే పుస్తకాన్ని గడప దాటించడం అతని వృత్తిలో తప్పు. అయినా తప్పలేదు.

తొమ్మిది కాకముందే డాక్టరమ్మ గదిలో ఉన్నాడు. ఆవిడ ఒక పిల్లికి గోళ్లు కత్తిరిస్తోంది. పక్క గదిలో స్టీలు బల్ల మీద మేనేజరు కూర్చుని ఉన్నాడు, ముందుకాలికి కట్టు, కళ్లలో కొత్త తేట. అట్టలాయనను చూడగానే తోకతో బల్ల మీద దరువు వేశాడు. పిల్లి పని ముగించి డాక్టరమ్మ వచ్చింది. అట్టలాయన దండం పెట్టి, చెట్టు కథంతా చెప్పి, పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని పుటలు తిప్పింది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవులు బిగించింది గాని, ప్రతి పుటా చదివింది. ఆఖరికి కళ్లజోడు తీసి, "సపోటాలో కుక్కను పడగొట్టే విషం ఉన్నట్టు నేనెక్కడా చదవలేదండీ, చూళ్లేదు కూడా," అంది. పచ్చి కాయలు తింటే కడుపు తిప్పొచ్చనీ, గింజ కొసన చిన్న కొక్కెం ఉంటుంది కాబట్టి గొంతుకు పట్టుకునే ప్రమాదం ఉందనీ, రాలిన పండ్లు ఎప్పటికప్పుడు ఏరేస్తే చాలనీ చెప్పింది. ఆ మాటే రాసివ్వమని అతను బతిమాలాడు. ఆవిడ చీటీ తీసుకుని, చెట్టు విషపూరితం కాదు అని రాసి, సంతకం పెట్టింది.

అట్టలాయనకు ప్రాణం లేచొచ్చింది. చీటీ జేబులో పెట్టుకుని పుస్తకం వైపు తిరిగాడు. మేనేజరు ఆ పుస్తకం మీదికి వంగి ఉన్నాడు. ఎదురుగా తెరిచి ఉన్న లేతాకును కన్నెత్తి చూడలేదు, తొక్కను వాసన చూడలేదు. ముక్కుతో పుస్తకాన్ని తిరగేసుకుని, వీపు మీద తడి బంకను ఆవురావురుమని నాకుతున్నాడు.

డాక్టరమ్మ ఒక్క ఉదుటున పుస్తకం లాగేసుకుంది. వీపు మీద నీలం తిరిగిన బంక వైపు చూసి, వాసన చూసి, "ఇందులో ఏం కలిపారు?" అని అడిగింది.

అట్టలాయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. మామూలుగా అయితే మైదాపిండీ నీళ్లే, ఇప్పుడు గ్రంథాలయం వాళ్ల పుస్తకాలకు పురుగు పట్టకుండా మూడు వారాలుగా మైలుతుత్తం కలుపుతున్నాను, మా గురువుగారు చిటికెడు వేసేవారు, నేను గుప్పెడు వేస్తున్నాను, ఇక ఆ పుస్తకం జోలికి పురుగన్నది రమ్మన్నా రాదు. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాడు. మూడు వారాలు. నీలం తిరిగిన పచ్చరంగు. పక్కకు జరిగిన గోనెపట్టా. తిట్లు తిన్న కాకులు. అన్నీ వరసగా వచ్చి అతని ఎదుట నిలబడ్డాయి.

"మైదా వాసనకు నాకి ఉంటాడు," అంది డాక్టరమ్మ. "మైలుతుత్తం కడుపులో ఉండనివ్వదు, వెంటనే కక్కిస్తుంది. అదే వాణ్ణి కాపాడింది. ఇంకాస్త ఎక్కువ లోపలికి పోయుంటే మనం ఇప్పుడు ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు."

చెట్టుకు వకీలుగా వెళ్లినవాడు ముద్దాయిగా బయటికొచ్చాడు. దారి పొడుగునా అతని బుర్రలో రెండు గొంతులు కొట్టుకున్నాయి. చీటీ చేతిలో ఉంది కదా, చెట్టు నిలబడుతుంది. తొట్టికి రేపటి నుంచి చెక్కమూత బిగిస్తే కుక్క నిలబడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, నోరు మెదపకపోతే సరి, అంది ఒక గొంతు. రెండో గొంతుకు మాటలు రాలేదు గాని, అది వదలకుండా వెంట నడిచింది. కుక్కలన్నాక కక్కుతాయి అని బావగారితో అన్నది ఈ నోరే కదా అని గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కాయి. అయినా మొదటి గొంతే గెలిచింది. మనిషన్నాక అంతే.

ఇంటికి చేరేసరికి చెట్లు కొట్టేవాడు అప్పుడే చెట్టెక్కి కూర్చున్నాడు, నడుముకు తాడు, చేతిలో కొడవలి. మొదట ఏ కొమ్మ నరకాలని కిందికి అడుగుతున్నాడు. కింద బావగారు, వెనక గుమ్మంలో అక్క. అట్టలాయన రొప్పుకుంటూ వెళ్లి చీటీ చాచాడు. పదిహేను రోజుల తర్వాత బావగారు అతని చేతిలోంచి ఏదైనా అందుకోవడం అదే మొదలు.

బావగారు చీటీ చదివాడు. మడిచి మళ్లీ విప్పి చదివాడు. పైకి చూసి చెట్టు మీదివాణ్ణి దిగమన్నాడు. వాదించలేదు, ఫోను వీడియోలో మొదటాయన ఏమన్నాడో ఎత్తలేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే నేనే," అన్నాడు మెల్లగా. "మీ అక్క వద్దంటున్నా వినకుండా రోజూ నా కంచంలోది భోజనాల బల్ల కింద నుంచి పెట్టేవాణ్ణి. నిన్న కూడా పెట్టాను. వాడికి నేనే విషం పెట్టాను, తప్పు చెట్టు మీదికి తోశాను."

అక్క ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. వాణ్ణి డాక్టరమ్మకే ఇచ్చేస్తానన్నాడు. పెంచడం చేతకానివాడికి కుక్కెందుకు, అక్కడైతే చల్లగా బతుకుతాడు అన్నాడు. చివరి మాట దగ్గర తల వంచి కాలి బొటనవేలు చూసుకున్నాడు.

అట్టలాయనకు గెలిచిన సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. తను చేసింది ఇంకొకడు నెత్తిన వేసుకుని కూర్చుంటే చూస్తూ ఊరుకునే ధైర్యం అతనికి లేదు. నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం కంటే అబద్ధంతో బతకడానికి కావలసిన ధైర్యమే ఎక్కువని ఆ మెట్టు ముందు నిలబడితే తెలిసింది. చెట్టు మీదివాడు సగంలో ఆగి వింటున్నాడు. వింటే విననీ అనుకున్నాడు అట్టలాయన.

"మీరు కాదు బావా, నేను," అన్నాడు. "బంకలో మైలుతుత్తం వేశాను. పురుగు చావాలని గుప్పిళ్లతో వేశాను. మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు వాడు తొట్టి నాకాడు. పొద్దున డాక్టరమ్మ ముందే నా పుస్తకం నాకి పట్టించాడు. తెలిసి కూడా మీకు చీటీ ఇచ్చి ఊరుకుందామనుకున్నాను."

తనను తిడితే బాగుండునని అట్టలాయనకు అనిపించింది. బావగారు తలెత్తి అతన్ని చూశాడు. ఆ చూపులో ముందు కోపం వచ్చింది, అది నిజం. లేచి రెండడుగులు ముందుకు వేశాడు కూడా. తరువాత బల్ల పక్కనున్న తొట్టి వైపు చూశాడు, చెట్టు మొదట్లో తను గోరుతో గీసిన గీతల వైపు చూశాడు.

"చీటీ నా చేతికొచ్చాక ఇక నీకు వచ్చిన నష్టమేం లేదు కదరా," అన్నాడు. "చెట్టు నిలబడింది. ఎందుకు చెప్పావు?"

"మీరు నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు," అన్నాడు అట్టలాయన.

బావగారు ముక్కు చీదుకుని, భార్య వైపు తిరిగి, తనకూ వీడికీ వడ్డించమన్నాడు. ఆవిడ, మీ ఇద్దరి టపా మోసినదానికి ముందు నేను కూర్చుంటాను, మీరే వడ్డించుకోండి అంది. చెట్టు దిగొచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టారు. తింటూ తింటూ బావగారు, ఒరేయ్, కుక్కలన్నాక కక్కుతాయి అని నువ్వన్న మాట మాత్రం నేను చచ్చినా మరిచిపోను అన్నాడు. అట్టలాయన తల వంచుకుని ఒప్పుకున్నాడు. భోజనం అయ్యాక తొట్టిలోని బంకంతా కుక్కా కోడీ చేరని చోట గొయ్యి తీసి పూడ్చారు. గొయ్యి తవ్వినవాడు అట్టలాయన, లోతు చాలదని మూడుసార్లు తవ్వించినవాడు బావగారు.

సాయంత్రం ఇద్దరూ కలిసి మేనేజరును తీసుకురావడానికి వెళ్లారు. డాక్టరమ్మ తలుపు తీసీ తీయగానే వాడు దూసుకొచ్చాడు. పేరు పెట్టి పెంచి చేతుల మీద మోసినవాడు చేతులు చాచి నిలబడితే, ఆయన్ని దాటుకుని తిన్నగా అట్టలాయన దగ్గరికి వెళ్లి వేళ్లు నాకబోయాడు. అట్టలాయన రెండు చేతులూ వీపు వెనక దాచుకుని గోడకు అతుక్కుపోయాడు. బావగారు ముందు ముఖం ముడుచుకున్నాడు, ఆ తర్వాత ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడు వారాల నవ్వంతా ఒక్కసారే వచ్చింది.

"ముందు వెళ్లి చేతులు కడుక్కురా," అన్నాడు. "వాడు నిన్ను ముద్దు పెట్టుకోకుండా ఇక్కణ్ణుంచి కదిలేలా లేడు."

అట్టలాయన కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు రాసి మూడుసార్లు కడుక్కున్నాడు. అతను వచ్చేదాకా బావగారు, మేనేజరు గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశారు.